రాగి తీగ చుట్టిన మా తోటికోడలు

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్నే మా మరిది ఫోను చేసి, "వదినా, మనిషి లేదు" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. లంకలో ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఫోను చేసింది ఒకరైతే పోయింది రెండోవారు. ఆ చిన్న తీసివేత చేసుకున్నాక, ఎలాగని అడిగాను. మా తోటికోడలు కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వచ్చి అరుగు మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయిందట. యాభై ఆరేళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నది. పెద్దవాళ్ళని దాటి ఒక అడుగు వెయ్యని మనిషి, ఈ ఒక్క విషయంలో నన్ను దాటేసింది.

పెద్దకర్మకి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట. గడప దాటి ఎరగని ఇల్లాలు, ఆ ఓర్పు ఈ రోజుల్లో ఎవరికుందండి, ఇల్లే లోకం అనుకుంది మహాతల్లి. నేను వడ్డన దగ్గర నిలబడి అన్నీ విన్నాను. నోరు గల మనిషినని నాకు రెండు జిల్లాల్లో పేరు. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమె గడప దాటాలనుకుంది. చాలా గట్టిగా అనుకుంది. ఆ సంగతి తెలిసిన ఇంటివాళ్ళలో బతికున్నది నేనూ మా ఆయనా మా మరిదీ. వాళ్ళిద్దరూ చెప్పరు. వాళ్ళకి సగమే తెలుసు కూడా.

మాది గోదావరి మధ్య లంక. ఉదయం ఎనిమిది గంటల పడవకి మా ఆయన ఆఫీసుకి, మరిది తన రేడియో రిపేరు కొట్టుకి, నేను హైస్కూలుకి, ముగ్గురం కొవ్వూరు వైపు రేవులో దిగేవాళ్ళం. సాయంత్రం ఆరు గంటల పడవకి తిరిగి వచ్చేవాళ్ళం. ఈ మధ్యలో ఇంట్లో ఉండేది మామయ్యగారు, అత్తయ్యగారు, ఆమె. గోదారి పొంగి పడవ ఆగిపోయిన రోజుల్లో మాత్రం అందరం ఇంట్లోనే. ఆ పది రోజులకే నాకు ఊపిరి ఆడేది కాదు. వాకిట్లోకీ వంటింట్లోకీ మధ్య తిరుగుతూ కనపడ్డవాళ్ళని కసిరేదాన్ని. "ఇంకెన్నాళ్ళక్కయ్యా, నీళ్ళు తీస్తున్నాయిగా" అని ఆమే నన్ను ఓదార్చేది. నీళ్ళు తీస్తే నాకు పడవ వస్తుంది. ఆమెకి ఏం వస్తుందని అప్పట్లో నాకు తోచలేదు.

లంకకి కరెంటు ఉండేది. ఉండేది అనడం మర్యాద కోసం. గాలి వేస్తే తీగ తెగేది, వరద వస్తే స్తంభం ఒరిగేది, మళ్ళీ నిలబెట్టేసరికి ఇంకో వరద వచ్చేది. తొంభైల మొదట్లో అత్తయ్యగారికి ఆయాసం ముదిరింది. రాజమండ్రి డాక్టరు మందుని పొగలా చేసి పీల్పించే మిషను రాసిచ్చాడు. రోజుకి మూడుసార్లు పెట్టాలి. అది కరెంటు మిషను. మాది ఏ ఊరని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

అప్పుడు మా మరిది బ్యాటరీతో నడిచే ఇన్వర్టరు తనే తయారుచేస్తానని బయలుదేరాడు. ట్రాక్టరు బ్యాటరీలు రెండు. ఒకటి ఇంట్లో ఉంటే రెండోది కావడిలో రేవు దాటి ఛార్జింగుకి వెళ్ళేది. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా పెంచడానికి మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు కావాలి. బజారులో దొరికే చదరపు రకం ఊరికే బ్యాటరీని తాగేస్తోందని, గుండ్రటిదైతే పొదుపని ఎక్కడో చదివాడు. పాత ఇనుప సామాన్ల కొట్లో దాని దిమ్మ సంపాదించాడు. ఉక్కు రేకుని రిబ్బనులా బిగించి చుట్టిన పెద్ద గారె అనుకోండి, నడుమ చిల్లుతో సహా. నేను సైన్సు టీచర్ని. పద్దెనిమిదేళ్ళుగా పదో తరగతికి ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ చదరంగా గీసి మార్కులు వేస్తున్నదాన్ని. గారె ఆకారంలోనూ ఉంటుందని నాకు మా ఇంట్లోనే తెలిసింది.

ఆ గారె మీద రాగి తీగ చుట్టాలి. చుట్టు చుట్టుకీ తీగ మొత్తం ఆ చిల్లులోంచి దూరి బయటికి రావాలి. ఇంటి కరెంటు వైపుకి ఆరు వందల చిల్లర చుట్లు. మా మరిది మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ రెండు వందల దగ్గర లెక్క పోగొట్టుకుని, తీగనీ గోదారినీ కలిపి తిట్టి లేచిపోయాడు. నాలుగోసారి ఆమె ఆ గారె తీసి ఒళ్ళో పెట్టుకుంది. నరసాపురం దగ్గర పుట్టిన పిల్ల. అక్కడ ఆడవాళ్ళు లేసు అల్లుతారు. అల్లికలో ఒక్క కన్ను తప్పినా పువ్వు విచ్చదు. లెక్కల్లో తప్పి పదో తరగతితో ఆగిపోయిన ఆమె ఆరు వందలూ ఒక్క చుట్టు తేడా రాకుండా చుట్టింది. బడిలో ఆమెకి ఎవరు పరీక్ష పెట్టారో కనుక్కుందామని నాకు ఇప్పటికీ కోరిక.

జాలరులు వల అల్లే వెదురు కండె చూసి, అలాంటిదే సన్నగా చెక్కించుకుంది. తీగంతా దానికెక్కించి చిల్లులో దూర్చి లాగేది. యాభై చుట్లకి ఒకసారి, ఆ యాభయ్యో చుట్టుకి రంగు లేసు దారం చిన్న ముడి వేసేది. ఒక యాభై అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెదవులు కదిలేవి, చప్పుడుండేది కాదు. ఎవరు పిలిచినా ఎడమ చెయ్యి పైకెత్తేది, ఆగమని. ఆ ఇంట్లో అత్తయ్యగారిని ఆగమన్న మొదటి మనిషి ఆమే. అత్తయ్యగారు సరిగ్గా నలభై దాటాకే పిలిచేవారు. "చిన్నమ్మాయ్, నీ పూజ అయ్యాక మంచినీళ్ళియ్యి" అనేవారు మంచం మీంచి. ఆమె యాభయ్యో చుట్టు బిగించి, ముడి వేసి, అప్పుడు లేచేది. ఆ పది చుట్ల సేపూ ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ ఆమెకి తగలదు. నాకు ఎనిమిది గంటల పడవ ఎలాగో ఆమెకి అది అలాగ అనిపించేది.

ఒక పొర అయ్యాక పసుపు టేపు, దాని మీద ఇంకో పొర. పైకి కనపడేది చివరి పొరే అయినా లోపలి పొర ఎగుడుదిగుడైతే ఊరుకునేది కాదు, విప్పేసేది. "లోపల ఎలా ఉందో నాకు తెలుసు కదక్కయ్యా" అనేది. అంతా అయ్యాక వార్నిషులో ముంచి డాబా మీద ఎండబెట్టేది. ఒక పక్క వడియాలు, ఒక పక్క ట్రాన్స్‌ఫార్మరు. ఆ ఏడు మా ఇంట్లో వడియాలన్నీ వార్నిషు వాసన. మామయ్యగారు తిని, పప్పు పాతదా అని అడిగారు.

మిషను నడిచింది. పొగ వచ్చింది. అత్తయ్యగారు పడుకుని నిద్రపోయారు, చాలా నెలల తర్వాత. ఆ కబురు లంకంతా పాకి, టైలరింగ్ మిషను మోటారుకని ఒకరు, పిల్లల చదువుల దీపానికని ఒకరు దిమ్మలు తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళేవారు. "తీగకి తొందర్లేదండి, మీరు వెళ్ళిరండి" అని వాళ్ళని పంపించేది.

మామయ్యగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన తాళాల మనిషి. నెయ్యి జాడీకి తాళం, నూతి దగ్గర బొక్కెనకి గొలుసు. లంకలో ఎవరిదో నీళ్ళ మోటారు పోయిందని విన్న దగ్గర్నుంచి ఆయన చూపు మా గారె మీద పడింది. ఒక ఆదివారం ఆమె రేవుకి వెళ్ళినప్పుడు కమ్మరిని పిలిపించి, బొటనవేలంత లావు ఇనుప కమ్మీ వంచి, దాన్ని ట్రాన్స్‌ఫార్మరు చిల్లులోంచి పోనిచ్చి, కిటికీ ఊచకి చుట్టి, రెండు కొసలూ కలిపి నట్టు బిగించేశారు. దొంగ అనేవాడు గోడతో సహా పట్టుకుపోవాలి.

మధ్యాహ్నం అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. ఆమె స్విచ్చి వేసింది. మిషను మూలిగింది గానీ పొగ రాలేదు. ఇన్వర్టరు పెట్టె తుమ్మెదలా రొద చేసి, నిమిషంలో ఫ్యూజు పోయింది. ఇంకో ఫ్యూజు వేస్తే అదీ పోయింది. అత్తయ్యగారు మంచం పట్టె పట్టుకుని గాలి కోసం తన్నుకుంటున్నారు. నేను మరిది పుస్తకం తెచ్చి పేజీలు తిప్పుతున్నాను. టీచరు బుద్ధి. మామయ్యగారు తన తాళం భద్రంగా ఉందో లేదోనని కమ్మీ మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నారు. ఆమె ఆయన చేతిని చూసింది, కమ్మీని చూసింది. మరిది పనిముట్ల పెట్టెలోంచి పానా తెచ్చి నట్టు విప్పడం మొదలుపెట్టింది. "తీస్తే ఎత్తుకుపోతారమ్మాయ్" అన్నారు మామయ్యగారు.

"ఎత్తుకుపోనివ్వండి మామయ్యగారూ" అని, నాతో, "మామయ్యగారు కూడా ఒక చుట్టు చుట్టారక్కయ్యా. బాగా లావు తీగతో" అంది.

అంతే సంగతి. చిల్లులోంచి దూరి కొసలు కలిసిన లోహం ఏదైనా ఒక చుట్టే. బ్యాటరీ బలమంతా ఆ కమ్మీయే తాగేస్తోంది. పుస్తకంలో నూట ఇరవయ్యో పేజీ దగ్గర నాకూ దొరికేదేమో. ఆ సరికి అత్తయ్యగారు ఉండేవారు కాదు.

ఆ రోజు నుంచి అత్తయ్యగారు ఒక నిశ్చయానికి వచ్చారు. చిన్నకోడలు ఇంట్లో ఉంటేనే తనకి ఊపిరి. పుట్టింట్లో పెళ్ళికి వెళ్ళినా సాయంత్రానికి రావాలి. నరసాపురం వెళ్ళి సాయంత్రానికి లంకకి రావాలంటే తాళి కట్టడం చూడకుండా లేవాలి. ఆమె తమ్ముడి పెళ్ళిలో అలాగే లేచింది.

అలాంటప్పుడు రాజమండ్రి నుంచి ఒక కబురు వచ్చింది. మా లంక ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఎలా వెళ్ళిందో అక్కడ ఇన్వర్టర్లు తయారుచేసే ఒకాయన బల్ల మీదికి చేరింది. పై పొర విప్పి చూసి, ఇది చుట్టిన మనిషి నాకు కావాలన్నాడట. సెలవు రోజున నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. ఇంటి వెనక రేకుల షెడ్డు, ఎనిమిది మంది ఆడపిల్లలు, అందరి వేళ్ళకీ గుడ్డపీలికలు. కండె లేకుండా తీగని చేత్తో ఈడుస్తున్నారు. ఈమె గంటసేపు చుట్టి చూపించేసరికి అందరూ పని మానేసి చుట్టూ చేరారు. జూన్ నుంచి వచ్చి వీళ్ళకి నేర్పమ్మా, మా అమ్మ ఉండే మేడ మీద గది ఉంది, ఆదివారం ఇంటికి వెళ్ళి రావచ్చు అన్నాడాయన. కొత్తవాళ్ళ ఎదుట నోరు విప్పని మనిషి, "నాకు కిటికీ పక్కన చోటు కావాలండి" అంది. జీతం ఎంతని అడగలేదు. వచ్చేటప్పుడు బజారులో రోజ్‌మిల్క్ రెండు గ్లాసులు తాగింది. రెండోది నేను అడక్కుండానే తనే చెప్పింది.

ఇంట్లో అందరికీ చెప్పాం. అత్తయ్యగారు, "మరి నాకు ఆయాసమొస్తే?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంకో ట్రాన్స్‌ఫార్మరు చుట్టి పెట్టి వెళ్తానంది ఆమె. అదీ కాలితే? వరదల్లో పడవ ఆగిపోతే? మా ఆయన పేపరు తిరగేశారు. మా మరిది, "వదిన ఎలా అంటే అలా" అన్నాడు. మంచివాడే. మంచితనం బరువంతా ఎప్పుడూ ఇంకొకళ్ళ నెత్తిన పెడతాడు.

ఆమె దగ్గర దారి ఉంది. లంకలోనే ఏడో తరగతి దాకా బడి ఉంది, మా ఇంటికి నాలుగు అడుగులు. నేను అక్కడికి బదిలీ అడిగితే పగలంతా ఇంటికి దగ్గర్లో ఉంటాను. వేసవిలో చుట్టడం నేర్చుకుంటే ఇంకేం కావాలి? ఇది నాకు ఒక్కదానికే చెప్పింది, బట్టలు మడతపెడుతూ, మొహం చూడకుండా. చూద్దాం అన్నాను. తర్వాత అత్తయ్యగారే తీర్పు చెప్పారు. "పెద్దమ్మాయికి ఒక్కటి సొంతంగా చుట్టడం వస్తే నువ్వు వెళ్ళమ్మా. నాకు అభ్యంతరం లేదు."

ఆమె వెళ్ళలేదు. అత్తయ్యగారు ఆ తర్వాత పదకొండేళ్ళు ఉన్నారు. రోజుకి మూడుసార్లు పొగ, తప్పకుండా. మామయ్యగారు ముందు వెళ్ళారు, తాళంచెవులు ఎక్కడున్నాయో చెప్పకుండా. నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను, రిటైరయ్యాను, మా ఆయనా నేనూ కొవ్వూరు వచ్చేశాం. అత్తయ్యగారు పోయేనాటికి బజారులో తయారు ఇన్వర్టర్లు వరసగా పేర్చి ఉన్నాయి. రాజమండ్రి షెడ్డు మూతపడింది. ఒకసారి చూసి వద్దామా అని అడిగితే, "ఇప్పుడెందుకక్కయ్యా" అంది. మోకాళ్ళు పట్టేసి అప్పటికే పడవ ఎక్కడం మానేసింది. ఆ పదకొండేళ్ళలో గానీ తర్వాత గానీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను దీటుగా జవాబు చెప్పి ఉండేదాన్ని, ఈపాటికి మర్చిపోయేదాన్ని కూడా.

ఆ వేసవిలో నేను నేర్చుకున్నాను. నిజంగానే. ఇల్లు కదిలే పని లేదు, బడి లేదు, హాల్లో స్తంభం పక్క మూలన చాప వేసి నన్ను కూర్చోబెట్టి నేర్పింది. కండె ఎలా పట్టాలి, తీగ మెలిక పడకుండా బొటనవేలు ఎక్కడ ఉంచాలి, యాభైకి ముడి ఎలా వెయ్యాలి. నాకంటే మంచి టీచరు. మూడో రోజుకి నా చేతులు వాటంతట అవే నడిచాయి. నాలుగు వందల చుట్లయ్యాయి. ఎనిమిది దారాలు. ఇంకో రెండు వందలు చుడితే అయిపోతుంది. అయిపోతే ఆమె వెళ్తుంది. నేను ఇంటికి నాలుగు అడుగుల బడికి వెళ్తాను, మధ్యాహ్నం వచ్చి పొగ పెడతాను, నాలుగింటికి వస్తాను, గోదారి దాటను. ఇంటర్వెల్లో తోటి టీచర్లతో టీ ఉండదు. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఉండదు. ఎనిమిది గంటలకి పడవ అరుపు వంటింట్లోంచి వింటాను.

కండె పక్కన పెట్టి, "లెక్క పోయిందమ్మాయ్" అన్నాను.

ఆమె కంగారుపడలేదు. ఎక్కడ పోయిందని అడిగింది. ఎక్కడో తెలియదు, దారాలు కూడా సరిగ్గా కట్టానో లేదో, ఈ వయసులో నావల్ల కాదు అన్నాను. నాకప్పుడు నలభై మూడు. ఆ గారె తీసుకుని నా ఎదురుగా కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టూ వెనక్కి దూరుస్తూ, కండెకి ఎక్కించుకుంటూ, పెదవులు కదుపుతూ. విప్పినా లెక్క తెలుస్తుందని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. సైన్సు టీచర్ని. ఎనిమిదో దారం తీసి చాప మీద పెట్టింది. యాభై తర్వాత ఏడోది. మళ్ళీ యాభై, ఆరోది. ఒక్క చోట కూడా ఆగలేదు, వెనక్కి చూడలేదు. మొదటి దారం కూడా తీసి మిగతావాటి పక్కన పెట్టింది. ఆ కింద ఇంకో యాభై. ఆ తర్వాత బోడి దిమ్మ.

"సరిగ్గానే ఉందక్కయ్యా" అంది. అత్తయ్యగారి గది మూడు గజాల దూరం. ఆ మాట అక్కడిదాకా వెళ్ళలేదు.

విప్పిన తీగ వంకరలు తీరాలంటే బిగించి లాగి కాసేపు ఉంచాలి. ఆమె లేచి తీగ కొస గుమ్మం గొళ్ళేనికి ముడివేసి, కండె విడుస్తూ స్తంభం దాకా వచ్చి, దాన్ని చుట్టి మళ్ళీ గుమ్మానికి వెళ్ళింది. అలా అటూ ఇటూ తిరిగింది. నడుం ఎత్తున ఒక వరస, దాని కింద ఇంకోటి, నా వైపుకి ఇంకోటి. హాలంతా రాగి వరసలు. నేను మూలన ఉండిపోయాను. దాటాలంటే తీగకి బట్ట తగిలి పూత గీసుకుపోతుంది.

"ఏమ్మా, వచ్చిందా పెద్దమ్మాయికి?" అని లోపల్నుంచి అత్తయ్యగారు కేకేశారు.

ఆమె గుమ్మం దగ్గర ఆగి, వరసల మధ్య నుంచి నన్ను చూసింది. జవాబు నేను చెప్పాలని ఆగింది. నేను నా వేళ్ళు చూసుకున్నాను, కందిపోయి ఉన్నాయి.

"రాలేదత్తయ్యగారూ" అని, మందు కలపడానికి లోపలికి వెళ్ళింది.

మిషను చప్పుడు మొదలైంది, ఆగింది. గ్లాసులు కడిగిన చప్పుడు. ఎండ గుమ్మంలోంచి వాలి తీగల మీద పడి ఒక్కో వరసా ఎర్రబడింది. చాప మీద ఎనిమిది దారాలూ నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను లేవలేదు, పిలవలేదు. చాలాసేపటికి ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మం వైపు ముడి విప్పి, ఒక్కో వరసా కండెకి ఎక్కించుకుంటూ, ఆ చివర నుంచి నెమ్మదిగా పని మొదలుపెట్టింది. నా ముందున్న వరస ఆఖరిది.